అమ్మాయి ఇంజినీరింగ్ అంటోందా? పదో తరగతి నుంచి తొలి ఉద్యోగం దాకా ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

పొద్దున ఏడున్నరకి విజయవాడ–గుంటూరు రోడ్డు మీద నిలబడితే కాలేజీ బస్సులు వరసగా పోతుంటాయి. కిటికీల దగ్గర అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. అది చూసి "ఇంకా ఆడపిల్లల్ని ప్రోత్సహించడం ఏంటండీ, అందరూ చదువుతూనే ఉన్నారుగా" అనేవాళ్లు చాలామంది. ఆ బస్సు దాకా రాని అమ్మాయి వాళ్లకి కనపడదు. బస్సెక్కినవాళ్లలో తాను అడిగిన బ్రాంచి దొరికింది ఎందరికి, చదువయ్యాక ఉద్యోగంలో చేరనిచ్చింది ఎందరిని అన్నది వేరే లెక్క.

మన వైపు అడ్డుచెప్పేవాళ్లు కోపంగా చెప్పరు. కాఫీ తాగుతూ, పిల్ల తల నిమురుతూ చెబుతారు. అందుకే ఎదురు మాట్లాడటం కష్టం. ఇంకో సంగతి, ఈ నిరుత్సాహం ఏడాది పొడవునా ఉండదు. పదో తరగతి ఫలితాలొచ్చిన వారం, ఫీజు కట్టాల్సిన రోజు, వెబ్ ఆప్షన్ల రాత్రి (కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచి ఆన్‌లైన్లో ఎంచుకునే రాత్రి), మొదటి ల్యాబు, చేతికి ఆఫర్ లెటర్ వచ్చిన నెల, ఇలా కొన్ని సందర్భాల్లోనే గట్టిగా తగులుతుంది. "బాగా చదువు తల్లీ" అని రోజూ అనడం కన్నా ఆ సందర్భాలకి ముందే సిద్ధపడి ఉండటం పిల్లకి ఎక్కువ పనికొస్తుంది. ఈ వ్యాసం అమ్మానాన్నల కోసం, ఇంట్లో కాస్త చదువుకున్న అక్కలు, బాబాయిలు, మేనమామల కోసం.

ముందు ఇంట్లో ఎవరేమంటున్నారో విడదీయండి

"వద్దు" అన్న మాట ఒకటే అయినా వెనక ఉన్న భయాలు వేరు. నాన్నమ్మకి హాస్టల్ అంటే భయం. నాన్నకి ఫీజు భయం. పెదనాన్నకి "ఎక్కువ చదివిస్తే అంతకు మించి చదివిన అల్లుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుంది" అన్న లెక్క. అమ్మకి చుట్టాలు ఏమంటారో అని. అందరికీ కలిపి ఒకే ఉపన్యాసం ఇస్తే ఎవరికీ ఎక్కదు. నాన్నమ్మని ఒకసారి హాస్టల్‌కి తీసుకెళ్లి వార్డెన్‌తో మాట్లాడించాలి. నాన్న ముందు ఫీజు లెక్క కాగితం మీద పెట్టాలి.

పెదనాన్న వాదన గట్టిదే అనిపిస్తుంది కానీ, వాళ్లబ్బాయి చదువు విషయంలో ఆయన ఆ లెక్క వేయలేదు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే: అబ్బాయికి మంచి ర్యాంకు రాకపోతే పొలం తాకట్టు పెట్టయినా మేనేజ్‌మెంట్ సీటు కొంటారు. అమ్మాయికి మాత్రం "కన్వీనర్ కోటాలో (ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో) వస్తే చూద్దాం" అంటారు. అబ్బాయిని పేరున్న కాలేజీలో జేఈఈ బ్యాచ్‌లో వేస్తారు, అమ్మాయిని ఇంటికి దగ్గరున్న కాలేజీలో మామూలు ఎంపీసీలో చేరుస్తారు. రెండేళ్ల తర్వాత ర్యాంకులు పోల్చి "చూశావా, ఆడపిల్లలకి లెక్కలు రావు" అంటారు. మీ ఇంట్లో ఇలా జరుగుతోందేమో ముందు చూసుకోండి. ఇద్దరినీ ఒకే అర్హత పరీక్షకి కూర్చోబెట్టి, వచ్చిన మార్కులను బట్టి బ్యాచ్ తేల్చమని అడగొచ్చు.

లెక్కల సంగతి ఎనిమిదో తరగతిలోనే

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బీజగణితం దగ్గర ఎక్కడో ఒకచోట పిల్ల తడబడుతుంది. అదే తడబాటు అబ్బాయిది అయితే "శ్రద్ధ లేదు" అంటాం, అమ్మాయిది అయితే "దీనికి లెక్కలు రావు" అంటాం. మొదటిదానికి మందు ఉంది, రెండోది పిల్ల నమ్మేస్తుంది. తొమ్మిదో తరగతి కష్టంగా ఉంటే ఏడో తరగతి పుస్తకం తీసి భిన్నాలు, నిష్పత్తులు మళ్లీ చేయించండి. వేసవి సెలవుల్లో రోజుకో గంట చాలు. పదికి వచ్చాక ట్యూషన్ వెతకడం కన్నా ఇది చవక.

చేతికి టెస్టర్ ఇవ్వండి

ఇంట్లో ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తాం. బేరింగ్ బాగానే ఉంటే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. సీలింగ్ ఫ్యాన్లలో మామూలుగా 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, ఫ్యాన్ రాడ్డు కొసన ఉండే గిన్నెలాంటి మూతలో. పెద్ద ఖర్చేమీ కాదు. మీ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని చేయించండి. గోడ మీది స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ ఆపాలి. టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకోవాలి. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే విలువది కొనాలి. వైర్ల కొసలకి టేపు చుట్టి, మూత బిగించి, మెయిన్ వేయాలి. ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్లు ఎవరైనా దగ్గరుండాలి, అది మాత్రం తప్పనిసరి. ఫ్యాన్ గిర్రున తిరగగానే పిల్ల "కెపాసిటర్ మారిస్తే స్పీడ్ ఎందుకొచ్చింది?" అని అడుగుతుంది. ఫిజిక్స్ పాఠం అక్కడ మొదలవుతుంది.

ఇంకా మన ఊళ్లలో చూడ్డానికి బోలెడంత ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుప ముక్క ఎలా నునుపు తేలుతుందో ఒక శనివారం చూపించండి. తెలిసిన షెడ్డు ఒకటి ఉంటే చాలు, ఓనర్లు సంతోషంగానే చూపిస్తారు, అమ్మాయిని చూసి మొదట కొంచెం ఆశ్చర్యపోయినా. గుంటూరువాళ్లకి మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఎన్నో. బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల వణుకు పుట్టేంత చలి. చాలావాటిలో అమ్మోనియా వాయువుని కంప్రెసర్‌తో నొక్కి, చల్లార్చి, ద్రవంగా మార్చి, మళ్లీ ఆవిరి కానిచ్చి గదిలోని వేడిని లాగేస్తారు. మెకానికల్‌లో థర్మోడైనమిక్స్ అని భయపెట్టేది ఇదే. ప్రకాశం బ్యారేజీ గేట్లు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు రోజూ దాటుకుంటూ పోయేవే. ఆగి ఒక ప్రశ్న అడిగితే చాలు.

స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే గది) ఉందా అని హెడ్‌మాస్టర్‌ని కనుక్కోండి. ఉండి తాళం వేసి ఉంటే తీయమని అడగండి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో పిల్లల ఆలోచన ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు ఇస్తారు, స్కూలే ఆన్‌లైన్లో పేరు పంపాలి. ఏ టీచర్ ఆ పని చూస్తున్నారో కనుక్కుని అమ్మాయి పేరు కూడా వెళ్లేలా చూడండి.

పదో తరగతి ఫలితాల వారం

చుట్టాల ఫోన్లు మొదలయ్యే వారం ఇది. "బైపీసీ ఇప్పించు, డాక్టర్ కాకపోయినా నర్సింగో బీఎస్సీనో చదువుకుంటుంది" అని ఒకరు. "డిగ్రీలో వేసి బ్యాంకు కోచింగ్ ఇప్పించు" అని ఇంకొకరు. ఇష్టంతో బైపీసీ తీసుకునే పిల్ల సంగతి వేరు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లని అటు తోస్తే ఇంజినీరింగ్ దారి చాలావరకు అక్కడే మూసుకుపోతుంది. కాబట్టి ఫలితాలు రాకముందే మూడు దారులు తెలుసుకుని ఉండండి.

ఒకటి ఇంటర్ ఎంపీసీ, తర్వాత ఈఏపీసెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) లేదా జేఈఈ (ఐఐటీ, ఎన్ఐటీల పరీక్ష). అందరికీ తెలిసిందే.

రెండోది ఆర్‌జీయూకేటీ, అందరం ట్రిపుల్ ఐటీ అని పిలిచేది. 2008లో మొదలైంది. మనకు దగ్గర్లో నూజివీడు. పదో తరగతి మార్కుల మీదే సీటు. ఆరేళ్ల కోర్సు, ఇంటర్‌తో సమానమైన పీయూసీ రెండేళ్లు, నాలుగేళ్లు బీటెక్. ప్రభుత్వ స్కూళ్లలో చదివినవాళ్లకి అదనంగా 4 శాతం మార్కులు కలుపుతారు. ఇంటర్ కోచింగ్ ఖర్చు భరించలేని ఇంటికి ఇంతకన్నా మంచి దారి లేదని నా అభిప్రాయం. నోటిఫికేషన్ ఫలితాల తర్వాత కొద్ది రోజులకే వస్తుంది, గడువు తక్కువ, కాచుకుని ఉండాలి.

మూడోది పాలిటెక్నిక్. దీన్ని మార్కులు రానివాళ్ల చదువు అనుకోవడం పొరపాటు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. గుంటూరులో అమ్మాయిల కోసమే ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా చేసి వచ్చిన అమ్మాయి బీటెక్‌లో ల్యాబులంటే బెదరదు, ఎందుకంటే పరికరాలు అప్పటికే చేతికి అలవాటై ఉంటాయి.

ఎంపీసీ అయితే హాస్టల్ కాలేజీనా, రోజూ వెళ్లొచ్చేదా? పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా చదివించే చోట పిల్ల నలిగిపోతోందని అనిపిస్తే, సంవత్సరం మధ్యలో అయినా సరే మార్చేయండి. కట్టిన ఫీజు పోతే పోయింది. పిల్ల అదోలా ఉంటే, రాత్రిళ్లు నిద్రపోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి

"మన స్తోమతకి కాదులే" అన్న మాట చాలాసార్లు లెక్క వేయకముందే వస్తుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగేళ్లకి ట్యూషన్ ఫీజు, బస్సు లేదా హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఎంతో రాయండి. పక్కన ఏమేం రావచ్చో రాయండి.

కన్వీనర్ కోటా సీటు, కుటుంబ ఆదాయం పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం భరించే ఫీజు). దానితోపాటు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఇది అమ్మాయిలకు మాత్రమే. డిప్లొమా లేదా డిగ్రీ మొదటి ఏడులో చేరినవాళ్లు, ఈసెట్‌తో రెండో ఏడులో చేరినవాళ్లు పెట్టుకోవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంటి నుంచి ఇద్దరమ్మాయిల దాకా అర్హులు, ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఇంత మంచి పథకం ఉన్నా కాలేజీ నోటీసు బోర్డులో మూలన ఒక కాగితంగా ఉండిపోతుంది. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చా అన్న నిబంధన ఆ ఏటి మార్గదర్శకాల్లో చదివి పెట్టండి.

ఇంకా తక్కువ పడితే బ్యాంకు రుణం. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా పెట్టుకోవచ్చు, 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు అమ్మాయిలకు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి, అడిగితేనే చెబుతారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫీజు కూడా అమ్మాయిలకు తక్కువే.

కాగితాలు ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోండి: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఓసీలో ఆర్థికంగా వెనకబడినవాళ్లయితే ఈడబ్ల్యూఎస్ పత్రం. సచివాలయంలో పెట్టుకుంటే కొన్ని రోజులు పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో ఇంకో రకం. ఇది సెలవుల్లోనే సరిచేసుకోండి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో కలిపి ఉండాలి.

వెబ్ ఆప్షన్ల రాత్రి

ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో కుర్రాడు టకటకా కాలేజీల పేర్లు కొట్టేసి "అయిపోయిందండీ" అంటాడు. నాలుగేళ్ల చదువు అలా తేలిపోకూడదు. అమ్మాయి తనే కూర్చుని పెట్టుకోవాలి, మీరు పక్కన ఉండాలి.

మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు, అంటే 33⅓ శాతం అమ్మాయిలకు ఉంటాయి. పోయిన ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో ప్రభుత్వం పెట్టే జాబితాలో ప్రతి కేటగిరీకీ అబ్బాయిలకో గడి, అమ్మాయిలకో గడి విడిగా ఉంటాయి. చాలామంది మొదటి గడి చూసి "మనకి రాదులే" అని ఆ కాలేజీ పెట్టకుండా వదిలేస్తారు. మీ కేటగిరీ, దాని పక్కన అమ్మాయిల గడి, ఆ బ్రాంచి వరస, ఈ మూడూ కలిసేచోట ఉన్న అంకె చూడండి. ర్యాంకు దానికి కొంచెం అటూఇటూగా ఉన్నా ఆప్షన్ పెట్టండి. ఎక్కువ ఆప్షన్లు పెడితే నష్టం లేదు. కాకపోతే వరసలో ముందుండాల్సింది మీకు ఎక్కువ ఇష్టమైనది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పిల్లలు ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) పరిధిలోకి వస్తారు, 85 శాతం సీట్లు స్థానికులకే.

ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లు పెట్టారు. ఐఐటీల్లో కనీసం 20 శాతం అమ్మాయిలు ఉండాలన్నది ఉద్దేశం. ఈ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో ర్యాంకులు చూసేటప్పుడు ఫిమేల్ ఓన్లీ అన్న వరస విడిగా వెతకండి. తిరుపతిలో ఐఐటీ, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఉన్నాయి, ఇంటికి మరీ దూరం కాదు. "కోటాలో వచ్చిందిలే" అని ఎవరైనా మూతి విరిస్తే ఒకటే జవాబు: అవి ఉన్న సీట్లలోంచి తీసినవి కావు, పైన కలిపినవి. పరీక్ష పేపర్ మాత్రం అందరికీ ఒక్కటే.

బ్రాంచి దగ్గర జరిగే సంభాషణ

సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) అంటే ఎవరూ అడ్డు చెప్పరు, ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం కదా. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ అన్నప్పుడే మొదలవుతుంది.

"ఆడపిల్లకి మెకానికల్ ఏంటమ్మా, స్పానర్లు పట్టుకుని తిరుగుతుందా?"

"పట్టుకుంటే ఏమైంది అన్నయ్యా? మన మోటార్ చెడిపోతే మెకానిక్ కోసం నువ్వు మూడు రోజులు తిరగలా?"

ఇలా నవ్వుతూ తోసేయడం కొంతవరకు పనిచేస్తుంది. పని చేయని చోట ఆధారం చూపించాలి. మీ ఊరి సచివాలయానికి వెళ్లి ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఎవరో చూడండి, సివిల్ చదివిన అమ్మాయిలు చాలాచోట్ల ఆ కుర్చీలో ఉన్నారు. రోడ్డు పని కొలతలు తీసేదీ, కాంట్రాక్టర్‌తో వాదించేదీ వాళ్లే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో కూడా మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది, నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల ఇంజినీరు పోస్టులతో సహా.

పేరున్నవాళ్ల ఉదాహరణ కావాలంటే అయ్యలసోమయాజుల లలిత గారి గురించి చెప్పండి. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకే పెళ్లి. పాపకి నాలుగు నెలలప్పుడు భర్త పోయారు. ఆ కాలంలో అలాంటి పరిస్థితిలో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి 1940ల్లో ఎలక్ట్రికల్ పట్టా తీసుకున్నారు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్లారు. ఆవిడ పట్టుదల గొప్పదే. ఇంట్లోవాళ్లు గమనించాల్సింది మాత్రం తండ్రి పప్పు సుబ్బారావు గారు చేసిన పని. అదే కాలేజీలో ప్రొఫెసర్‌గా ఉన్న ఆయన కూతురికి సీటు కోసం ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. చంటిపిల్లని కుటుంబంలోవాళ్లు చూసుకున్నారు. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చారు, ఆవిడా ఏరోనాటికల్ ఇంజినీరే. అయితే ఇలాంటి పేర్లు విన్న రోజు ఉత్సాహంగా ఉంటుంది, వారానికి మరిచిపోతారు. పక్క వీధిలో మూడో ఏడు ఈఈఈ (ఎలక్ట్రికల్) చదువుతున్న అక్కతో ఒక గంట మాట్లాడిస్తే అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ అక్క కష్టాలు కూడా చెబుతుంది కాబట్టి.

అమ్మాయికి నిజంగా సీఎస్ఈయే ఇష్టమైతే అదే చదవనివ్వండి. మీ పంతం కోసం మెకానికల్ ఎక్కించడం కూడా బలవంతమే.

హాస్టలా, కాలేజీ బస్సా

ఇంటి నుంచి గంటన్నర ప్రయాణమైతే బస్సు చాలు. అంతకు మించితే హాస్టల్ మేలు, రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీద పోతే చదువు ఎప్పుడు? చేర్చే ముందు హాస్టల్‌ని సాయంత్రం వేళ చూడండి, పగలు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. లైబ్రరీ, ల్యాబు అమ్మాయిలకి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటాయో అడగండి. అబ్బాయిలకి పదింటిదాకా, అమ్మాయిలకి ఆరున్నరకే గేటు అంటే కోడింగ్ పోటీలకీ ప్రాజెక్టులకీ వాళ్లు వెనకబడినట్టే. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే కాలేజీలు ఆ టైమ్ మారుస్తాయి. ర్యాగింగ్ జరిగితే యూజీసీ నంబరు 1800-180-5522 అమ్మాయి ఫోన్‌లో, మీ ఫోన్‌లో పెట్టుకోండి.

ల్యాబులో ఎవరు కనెక్షన్ ఇస్తున్నారు?

సీటు వచ్చింది, ఫీజు కట్టాం, ఇక అయిపోయిందనుకుంటాం. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది.

మొదటి ఏడు ఎలక్ట్రికల్ ల్యాబు. బల్ల మీద అమ్మీటర్, వోల్ట్‌మీటర్, రియోస్టాట్, వైర్ల కట్ట. నలుగురో ఐదుగురో ఒక బ్యాచ్. అబ్బాయిలు ముందుకొచ్చి వైర్లు అందుకుంటారు. "నువ్వు రీడింగ్స్ రాసుకో, నీ చేతిరాత బాగుంటుంది" అంటారు. అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అమ్మాయి టేబుల్ గీసి, గ్రాఫ్ చక్కగా వేసి, రికార్డు అందరికన్నా ముందు సబ్మిట్ చేస్తుంది. మార్కులు కూడా వస్తాయి. అలా ఆరు సెమిస్టర్లు గడుస్తాయి. చివర్లో వైవాలో (నోటి పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "ఈ అమ్మీటర్ సిరీస్‌లో పెట్టావా, పారలల్‌లో పెట్టావా, పెట్టి చూపించు" అంటే చేతులు వణుకుతాయి. "అమ్మాయిలకి థియరీ వస్తుంది, ప్రాక్టికల్ రాదు" అని సారు తేల్చేస్తారు. ప్రాజెక్టులోనూ అంతే, అమ్మాయికి పీపీటీ, డాక్యుమెంటేషన్. అబ్బాయిలకి బోర్డు, కోడు. ఇంటర్వ్యూలో "ఇందులో నువ్వేం చేశావు?" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు.

దీన్ని విరగ్గొట్టడం సులువే, మొదటి వారంలో మొదలుపెడితే. ఇంటికొచ్చిన అమ్మాయిని "మార్కులెన్ని" అని కాకుండా "ఇవాళ కనెక్షన్ ఎవరిచ్చారు?" అని అడగండి. ఒక ప్రయోగంలో కనెక్షన్ ఇచ్చినవాళ్లు తర్వాతి ప్రయోగంలో రీడింగ్స్ రాయాలి, ఇలా వంతులు పెట్టుకోమనండి. లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ వంతుల్ని హాజరు పట్టీలోనే రాసేయండి, అమ్మాయి నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండదు. వర్క్‌షాపులో ఫిట్టింగ్ చేసే రోజు చేతులు నల్లబడతాయి, చున్నీ మిషన్లో చిక్కుకునే ప్రమాదం ఉంది. ఏప్రాన్, బూట్లు, జుట్టు ముడి ఉండాలి. "బట్టలు పాడవుతాయి" అని పక్కకి నిలబెట్టడం ఒప్పుకోకండి.

బయట నేర్చుకోవడానికి ఐఐటీ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు, ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. రెండో ఏడులో ఒక చిన్న ప్రాజెక్టు ఒంటరిగా చేయమనండి. ఇంటి మీది ట్యాంకు నిండగానే మోటార్ ఆపే సర్క్యూట్ లాంటిది చాలు.

నాలుగో ఏడు: ఆఫర్, సంబంధం ఒకేసారి

ఇది ప్రతి ఇంట్లోనూ జరిగేదే. క్యాంపస్ సెలక్షన్ బెంగళూరుకో హైదరాబాదుకో వస్తుంది. అదే నెలలో అత్తయ్య ఫోన్: "మంచి సంబంధం వదినా, అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, పిల్లకి ఉద్యోగం అవసరమే లేదు." ఆ రోజు ఆలోచిద్దాం అనుకుంటే ఆలోచించే టైమ్ ఉండదు. అందుకే మూడో ఏడు మొదట్లోనే భార్యాభర్తలు ఒక మాట అనుకుని, అమ్మాయికి చెప్పేయండి: ఉద్యోగంలో చేరి రెండేళ్లు పనిచేశాకే సంబంధాలు. చుట్టాలకి కూడా ఇదే చెప్పండి, తేదీతో సహా. "ఇప్పుడే కాదులే" అంటే వాళ్లు మళ్లీ అడుగుతారు. "ఫలానా సంవత్సరం తర్వాత" అంటే కొంత తగ్గుతారు. సంబంధం వచ్చినప్పుడు ఉద్యోగం మానాలన్న షరతు ఉందా అని ఫోన్‌లోనే అడిగేయండి, పెళ్లిచూపుల దాకా లాగొద్దు.

అమ్మాయి ఒక్కతే వేరే ఊళ్లో ఎలా ఉంటుందన్న భయానికి పరిష్కారం ముందు వెళ్లి చూసి రావడమే. ఆఫీసుకి దగ్గర్లో ఉన్న రెండు మూడు లేడీస్ హాస్టళ్లు, రాత్రి షిఫ్టు ఉంటే కంపెనీ క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా లేదా, ఇవి హెచ్ఆర్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులు తీసుకునే కమిటీ పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో ఉండాలన్నది 2013 చట్టం, అందులో ఎవరున్నారో చేరిన రోజే తెలుసుకోమనండి. జీతం ఖాతా, ఏటీఎం కార్డు అమ్మాయి దగ్గరే ఉండాలి. ఇంటికి ఎంత పంపాలో తనే చెప్పాలి.

బెంగళూరు అయితే విజయవాడ, గుంటూరు మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి రావాలంటే మాత్రం నవంబర్‌లో తెరిచిన రోజే పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.